ఇంజెక్షన్ కారును కార్బరేటర్‌కు మార్చేటప్పుడు పెట్రోలు సరఫరా అమరిక: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో పాత కార్లను ఓపికగా నిలబెట్టుకుంటున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. తాతగారి అంబాసిడర్, నాన్నగారు కొన్న ప్రీమియర్ పద్మిని, కొండదారుల కోసం తెచ్చుకున్న పాత జిప్సీ వంటి బండ్లలో కొన్నింటికి మధ్యలో ఎవరో ఎంపీఎఫ్ఐ ఇంజిను, అంటే ఒక్కో సిలిండరుకు విడి ఇంజెక్టరు పెట్రోలు చిమ్మే రకం, ఎక్కించి ఉంటారు. ఇప్పటి యజమాని దాన్ని మళ్ళీ కార్బరేటర్ మీద నడపాలనుకుంటారు. ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీదికి సాదా యంత్రంతో వెళ్ళాలనుకునే యువకులు మరికొందరు. వీరందరూ మొదట అడిగేది ఏ కార్బరేటర్ కొనాలని. నా అభిప్రాయంలో అది నాలుగోదో ఐదోదో కావలసిన ప్రశ్న. ట్యాంకు నుంచి కార్బరేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న గది, అంటే ఫ్లోట్ చాంబర్ దాకా పెట్రోలు ఎంత పీడనంతో, ఎంత చల్లగా, ఎంత నిలకడగా వస్తుందో తేలకుండా ఎంత మంచి కార్బరేటర్ బిగించినా, అది ఓవర్‌ఫ్లో కావడమో ఎండలో ఆగిపోవడమో తప్పదు. అందుకే ఈ సమాధానాలు ట్యాంకు వైపు నుంచి నడుస్తాయి.

ఈ మార్పు చట్టప్రకారం చేయవచ్చా?

పని మొదలుపెట్టక ముందే దీన్ని తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును కచ్చితంగానే వ్యాఖ్యానించింది. కాబట్టి ఫ్యాక్టరీ నుంచి ఎంపీఎఫ్ఐతో వచ్చిన కారుకు కార్బరేటర్ పెట్టి రోడ్డు మీద తిప్పమని నేను ఎవరికీ చెప్పను. పొగ పరీక్షలోనూ అది నిలవడం కష్టం. భారత్ స్టేజ్-2కు ముందు ప్రమాణాలతో తయారైన నాలుగు చక్రాల పెట్రోలు బండికి ఐడ్లింగ్‌లో (బండి నిలిచి ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం వరకు, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం వరకు అనుమతి ఉండగా, స్టేజ్-2 బండికి అవి 0.5 శాతం, 750 పీపీఎం దగ్గరే ఆగిపోతాయి. ఆ తరువాతి ప్రమాణాలు ఇంకా కఠినమైనవి.

ఇక మిగిలేవి రెండు సందర్భాలు. ఒకటి, అసలు కార్బరేటర్‌తోనే నమోదై, మధ్యలో ఇంజెక్షన్‌కు మారిన బండిని మళ్ళీ మొదటి స్థితికి తేవడం. రెండవది, రోడ్డు ఎక్కకుండా ట్రాక్‌కే పరిమితమయ్యే బండి. మొదటి సందర్భంలో ఇంజిను నంబరు మారి ఉంటే, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందో లేదో ఆర్‌టీఓ కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. ట్రాక్ బండి అయితే పోటీ నిబంధనలను ముందుగా చదివి, అవి ఏ మార్పును ఒప్పుకుంటాయో తెలుసుకోవాలి.

ట్యాంకులో ఉన్న ఇంజెక్షన్ పంపునే వాడుకోవచ్చా?

ఈ పనిలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. ఎంపీఎఫ్ఐ పంపు ఇంజెక్టర్ల కోసం సాధారణంగా 2.5 నుంచి 4 బార్ పీడనం తయారుచేస్తుంది. కార్బరేటర్‌కు కావలసింది అందులో పదో వంతు, అంటే సుమారు 0.2 నుంచి 0.35 బార్ మాత్రమే. ఫ్లోట్ చాంబర్‌లోని నీడిల్ వాల్వును మూసి ఉంచేది తేలే ఫ్లోట్ బలం ఒక్కటే. మూడు బార్ల పీడనం వెనక నుంచి తోస్తుంటే ఆ చిన్న ఫ్లోట్ నీడిల్‌ను పట్టి ఉంచలేదు. పెట్రోలు చాంబర్ నిండి, వెంట్ గొట్టం గుండా బయటికి పొర్లి, వేడిగా ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడుతుంది. బండి తగలబడటానికి అంతకంటే ఏమీ అక్కరలేదు.

ఆ పంపు తరువాత ఒక రెగ్యులేటర్ పెట్టి పీడనాన్ని తగ్గిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మార్కెట్‌లో సులభంగా దొరికే తక్కువ ధర కార్బరేటర్ రెగ్యులేటర్లు రిటర్న్ (మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్ళే దారి) లేని రకం. అవి తక్కువ పీడనపు పంపులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటి ముందు మూడు బార్ల పంపును నిలబెడితే డయాఫ్రం దెబ్బతింటుంది, పంపు మూసుకుపోయిన దారిలోకి నెడుతూ వేడెక్కుతుంది, ఆ వేడి పెట్రోలులోకి ఎక్కుతుంది. రిటర్న్ ఉన్న బైపాస్ రెగ్యులేటర్‌తో ఈ పని సాధ్యమే. అయితే వెనక్కి వెళ్ళే పెట్రోలు మొత్తం సన్నటి రిటర్న్ పైపులో ఇరుక్కుంటే, ఆ ఇరుకే 0.3 బార్ కంటే ఎక్కువ ఎదురు పీడనం పుట్టిస్తుంది. రెగ్యులేటర్ మరను ఎంత వదులు చేసినా గేజ్ కిందికి దిగదు. రిటర్న్ పైపు కనీసం సరఫరా పైపంత లావు ఉంటేనే ఈ దారి ఎంచుకోవాలి. నన్ను అడిగితే, ఇంజెక్షన్ పంపును తీసేసి, కార్బరేటర్ కోసమే చేసిన తక్కువ పీడనపు పంపు పెట్టుకోవడం మేలు. ఖర్చు కొంచెం పెరిగినా, పాడయ్యే అవకాశం ఉన్న భాగాలు తగ్గుతాయి.

ఏ కార్బరేటర్‌కు ఎంత పీడనం ఉండాలి?

తయారీదారు ఇచ్చిన అంకె చేతిలో ఉంటే దానికే కట్టుబడాలి. లేనప్పుడు స్థూలంగా ఇలా అనుకోవచ్చు: ఎస్‌యూ రకానికి 0.1 నుంచి 0.2 బార్, వెబర్ సైడ్ డ్రాఫ్ట్ రకానికి 0.2 నుంచి 0.25 బార్, హోలీ వంటి పెద్ద అమెరికన్ రకాలకు 0.35 నుంచి 0.5 బార్. మన మెకానిక్‌లు పౌండ్లలో (పీఎస్ఐ) మాట్లాడతారు కనుక, వెబర్‌కు మూడు, మూడున్నర పౌండ్లు అని చెబితే వారికి వెంటనే అర్థమవుతుంది. పీడనం ఎక్కువైతే పికప్ పెరుగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఫ్లోట్ చాంబర్‌లో మట్టం సరిగ్గా నిలిచినంతకాలం జెట్లకు, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాలకు, బయటి పీడనంతో పని లేదు.

పంపు ఎంత పెట్రోలు ఇవ్వగలగాలి?

పీడనం తక్కువ కావాలన్నందుకు పరిమాణం కూడా తక్కువ చాలనుకోకూడదు. లెక్క కష్టమేమీ కాదు. పూర్తి థ్రాటిల్ మీద కార్బరేటర్ ఇంజిను ఒక్కో కిలోవాట్‌కు గంటకు సుమారు 0.32 కిలోల పెట్రోలు తాగుతుంది. పద్మినిలోని 1089 సీసీ ఇంజిను వంటి 40 హార్స్‌పవర్ యంత్రానికి, అంటే దాదాపు 30 కిలోవాట్లకు, గంటకు 9 నుంచి 10 కిలోలు, లీటర్లలో 13 వరకు కావాలి. 75 హార్స్‌పవర్ ఇంజినుకు గంటకు సుమారు 24 లీటర్లు. దానికి రెండింతలు ఇవ్వగల పంపు ఎంచుకుంటే, ఫిల్టర్ కొంత మూసుకున్నా, బ్యాటరీ వోల్టేజి కొంత పడిపోయినా ఇబ్బంది ఉండదు.

పంపు పెట్టెమీది అంకెను నమ్మి ఊరుకోకుండా, కార్బరేటర్ దగ్గర పైపు విప్పి, కొలపాత్రలోకి 30 సెకన్లు నడిపి చూడాలి. 75 హార్స్‌పవర్ బండికి కనీసం 400 మిల్లీలీటర్లు రావాలి. ఈ పరీక్ష ఆరుబయట, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, పక్కన పొడి రసాయనపు అగ్నిమాపక సిలిండరు ఉంచుకుని చేయాలి.

మెకానికల్ పంపు మంచిదా, ఎలక్ట్రిక్ పంపా?

మీ ఇంజినులో మెకానికల్ పంపు బిగించే చోటు, దాన్ని నడిపే కామ్ రెండూ ఉంటే దానికి మించినది లేదు. ఇంజిను ఆగితే పంపు తానే ఆగుతుంది. పీడనం కూడా కార్బరేటర్‌కు తగినట్టే ఉంటుంది. కానీ ఒకే కుటుంబానికి చెందిన ఇంజిన్లలో కార్బరేటర్ కాలం నాటి హెడ్‌కు ఉన్న ఆ అమరిక, ఎంపీఎఫ్ఐ కాలం నాటి హెడ్‌లో లేకపోవచ్చు. బయటి నుంచి మూత కనిపించినంత మాత్రాన లోపల కామ్ ఉంటుందని కాదు. మూత విప్పి చూసిన తరువాతే పంపు కొనండి. అమరిక లేకపోతే ఎలక్ట్రిక్ పంపే గతి.

ఎలక్ట్రిక్ పంపును ఎక్కడ బిగించాలి?

ట్యాంకు దగ్గర, ట్యాంకు అడుగు మట్టానికి సమానంగా లేదా కొంచెం కింద బిగించాలి. ఈ పంపులు నెట్టడంలో గట్టివి, లాగడంలో బలహీనమైనవి. బానెట్ కింద అందుబాటుగా ఉంటుందని ఇంజిను పక్కన బిగిస్తే, మూడు మీటర్ల పైపు పొడవునా పెట్రోలును పీల్చవలసి వస్తుంది. పీల్చే వైపు పీడనం వాతావరణ పీడనం కంటే తగ్గుతుంది కనుక, అక్కడ పెట్రోలు ఇంకా తక్కువ వేడికే ఆవిరవుతుంది. మే నెల ఎండలో కత్తిపారా కూడలి దగ్గర నిలిచిపోయే బండ్లలో ఈ తప్పు ఉన్నవి కొన్ని ఖాయంగా ఉంటాయి. పంపును రబ్బరు బుషింగుల మీద, సైలెన్సరుకు దూరంగా, బండి వెనక నుంచి దెబ్బ తగిలినా నలగని చోట పెట్టాలి. డిక్కీ లోపల మాత్రం వద్దు. అక్కడ లీకైన పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కనుక అడుగునే పేరుకుని, మనుషులు కూర్చునే చోటికి పాకుతుంది.

ట్యాంకులో ఏమేం మార్చాలి?

ఇంజెక్షన్ ట్యాంకులో పంపు, ఫ్లోట్ గేజ్, పికప్ (పెట్రోలును పీల్చుకునే నోరు) మూడూ ఒకే హ్యాంగర్ మీద ఉంటాయి. పంపును మాత్రం తీసి, దాని చోట అదే లోతుకు చేరే 8 మిల్లీమీటర్ల లోహపు గొట్టం అమర్చి, చివర వల ఫిల్టర్ పెడితే గేజ్ యథాతథంగా పనిచేస్తుంది. మలుపుల్లో పెట్రోలు పక్కకు ఒరిగినా పికప్ మునిగే ఉండేలా ఫ్యాక్టరీ వాళ్ళు లోపల పెట్టిన చిన్న గిన్నెను తీసేయకండి. అది కార్బరేటర్‌కు కూడా మేలు చేస్తుంది.

చాలామంది మరచిపోయేది ట్యాంకు ఊపిరి. ఎంపీఎఫ్ఐ ట్యాంకు మూత గాలి చొరబడకుండా ఉంటుంది. ఆవిరి దాన్ని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి (చార్‌కోల్ కానిస్టర్) వెళ్ళి, అక్కడి నుంచి ఈసీయూ (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటరు) తెరిచే వాల్వు ద్వారా ఇంజినులోకి పోతుంది. ఈసీయూ తీసేశాక ఆ వాల్వు మూతబడే ఉంటుంది. అప్పుడు డబ్బాకు బయటి గాలి దారి కూడా మూసుకుని ఉంటే రెండు రకాల బాధలు వస్తాయి. నడుస్తున్నప్పుడు ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు అందదు. ఎండలో నిలిపినప్పుడు ఆవిరి పీడనం పెరిగి, పంపు ఆగి ఉన్నా పెట్రోలు నీడిల్‌ను నెట్టుకుని కార్బరేటర్‌లోకి పారుతుంది. బొగ్గు డబ్బాను తీసేయకుండా, దాని గాలి దారి తెరిచి ఉందో లేదో చూసి, ఇంజిను వైపు గొట్టాన్ని ఐడ్లింగ్‌లో శూన్యం లేని, థ్రాటిల్ తెరుచుకున్నాకే శూన్యం అందే పోర్టుకు కలపాలి. బండి బోల్తా పడినప్పుడు పెట్రోలు కారకుండా ఆపే వాల్వు ఉంటే దాన్నీ ఉంచాలి.

పాత రబ్బరు పైపులనే వాడితే ఏమవుతుంది?

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత నైట్రైల్ రబ్బరు దానికోసం చేసినది కాదు. కొంతకాలానికి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తరువాత పగుళ్ళు వస్తాయి. లోపలి పొర నల్లటి పొడిగా రాలి జెట్లలో చేరుతుంది. పైప్ మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్నది తీసుకోండి. దాని లోపలి పొర ఫ్లోరోరబ్బరుతో ఉంటుంది. సరఫరాకు 8 మిల్లీమీటర్లు, కార్బరేటర్ పంపు రిటర్న్‌కు 6 మిల్లీమీటర్లు సరిపోతాయి.

బండి పొడవునా రబ్బరు పైపు లాగకండి. ఫ్యాక్టరీ ఉక్కు పైపు తుప్పు లేకుండా ఉంటే అదే మంచిది. చివర్లలో మాత్రం రబ్బరు వాడాలి. ఉక్కు పైపు చివర చుట్టూ ఉబ్బు లేకుండా నున్నగా కోసి రబ్బరు తొడిగితే, ఎంత బిగించిన క్లిప్ అయినా ఒకనాటికి జారుతుంది. నీళ్ళకు వాడే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం పెట్రోలు కనిపిస్తుందన్న సరదాతో పెడతారు. అది వేడికి గట్టిపడి, క్లిప్ దగ్గర విరుగుతుంది. బానెట్ కింద దానికి చోటు లేదు.

ఫిల్టర్లు ఎన్ని కావాలి?

రెండు. పంపుకు ముందు సులభంగా పారే వల ఫిల్టర్, పంపు తరువాత సన్నటి కాగితపు ఫిల్టర్. ఇంజిను పక్కన ప్లాస్టిక్ ఫిల్టర్ పెట్టకుండా లోహపు డబ్బా రకం వాడాలి. చాలాకాలం నిలిచిపోయిన ట్యాంకు అయితే, ఇథనాల్ పాత జిగురును కరిగించి తెస్తుంది కనుక మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఫిల్టర్‌ను ఒకసారి మార్చక తప్పదు.

రిటర్న్ లైను తప్పనిసరా? చెన్నై ఎండలో ఎయిర్ లాక్ ఎలా తప్పించాలి?

ఈ ఊళ్ళో నా సమాధానం, తప్పనిసరి. ఎయిర్ లాక్ అంటే పెట్రోలు పైపులోనే ఆవిరై, ఆ బుడగ దారికి అడ్డుపడటం. పెట్రోలు ఒకే ద్రవం కాదు. అందులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడతాయి. ఇంజెక్షన్‌లో ఉండే మూడు బార్ల పీడనం ఆ ఆవిరిని అణచి ఉంచుతుంది. అందుకే ఆ కారుకు ఈ బాధ ఎప్పుడూ తెలియలేదు. కార్బరేటర్ లైనులో ఆ రక్షణ పోతుంది. రోహిణీ కార్తెలో బయటే 40 డిగ్రీలు దాటితే, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలిచిన బండి బానెట్ కింద పైపులు ఎంత వేడెక్కుతాయో చెప్పనక్కరలేదు. ఆ స్థితిలో ఇంజిను తాగేది చాలా తక్కువ కాబట్టి, పెట్రోలు పైపులోనే నిలిచి ఉడుకుతుంది.

రిటర్న్ లైను ఆ నిలకడను పోగొడుతుంది. కార్బరేటర్‌కు దగ్గరగా టీ ఆకారపు పైపు ముక్క ఒకటి పెట్టి, దాని రిటర్న్ వైపు 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న చిన్న అడ్డు అమర్చి, అక్కడి నుంచి ట్యాంకుకు పైపు తీసుకెళ్ళాలి. ఇంజిను ఐడ్లింగ్‌లో ఉన్నా కొంత పెట్రోలు ఎప్పుడూ తిరుగుతూ, వేడిని, బుడగలను ట్యాంకుకు మోసుకుపోతుంది. రంధ్రం పెద్దదైతే పూర్తి థ్రాటిల్‌లో పీడనం పడిపోతుంది కనుక అమర్చిన తరువాత గేజ్ చూసి నిర్ధారించుకోవాలి. ఇంజెక్షన్ కారుకు రిటర్న్ పైపు ముందే ఉంటే మీ పని సగం తగ్గినట్టే. రిటర్న్ లేని కొత్త తరం ట్యాంకు అయితే, హ్యాంగర్ మూత మీద మరో గొట్టం బ్రేజింగ్ చేయించాలి. అది ట్యాంకు నుంచి విడదీసి, పూర్తిగా ఆరబెట్టిన మూత మీద చేయవలసిన పని. ట్యాంకు మీద నేరుగా వెల్డింగ్ చేస్తామనే వారి దగ్గరికి వెళ్ళవద్దు.

దీనితోపాటు కార్బరేటర్ కింద బేకలైట్ ఇన్సులేటర్ దిమ్మె, ఎగ్జాస్ట్‌కు కార్బరేటర్‌కు మధ్య అల్యూమినియం రేకు, పైపు రేడియేటర్ వెనక గాలి నుంచి తప్పుకునే దారి కావాలి. ఘాట్ రోడ్డు మీద రెండో గేరులో ఎక్కే బండికి ఈ అమరిక నిజమైన పరీక్ష. అక్కడ ఇంజిను బరువు మోస్తుంది, బండి వేగం తక్కువ కనుక గాలి తగలదు. తడిగుడ్డ వేసి చల్లార్చుకునే అవసరం రాకుండా ఎక్కిందంటే, మీ లైను సరిగ్గా కుదిరినట్టే.

రెగ్యులేటర్, గేజ్ ఎక్కడ పెట్టాలి?

రెగ్యులేటర్ కార్బరేటర్‌కు వీలైనంత దగ్గరగా, కానీ ఇంజిను మీద కాకుండా బాడీ మీద బిగించాలి. గేజ్ రెగ్యులేటర్ తరువాత ఉండాలి. పీడనం సర్దేటప్పుడు ఇంజిను నడుస్తూ ఉండాలి. రిటర్న్ లేని రకంలో పంపు మాత్రమే నడుస్తున్నప్పుడు కనిపించే అంకె ఎక్కువగా ఉంటుంది. ఆ ఎక్కువ అంకె కూడా నీడిల్ తట్టుకోగలిగినదేనా అన్నది చూడాలి, ఎందుకంటే ఇంజిను తాగకుండా పంపు నడిచిన ప్రతిసారీ అదే పీడనం నీడిల్ మీద పడుతుంది. చవక గేజ్‌లు సున్నా దగ్గర తప్పు చూపుతాయి కనుక, 1 బార్ వరకే కొలిచే గేజ్ తీసుకోండి. 10 బార్ల గేజ్ మీద 0.25 బార్ చదవడం సాధ్యం కాదు.

పంపు వైరింగ్‌ను నేరుగా ఇగ్నిషన్‌కు కలిపితే సరిపోదా?

పనిచేస్తుంది, కానీ ప్రమాదకరం. ప్రమాదం జరిగి ఇంజిను ఆగినా ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే పంపు తెగిన పైపులోంచి పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. ఇంజెక్షన్ కారులో ఈ కాపలా ఈసీయూ చూసుకునేది: క్రాంక్ తిరగడం ఆగగానే అది పంపును ఆపేది. ఆ కాపలాదారును తీసేస్తున్నాం కనుక దాని పని చేసే మరొకటి పెట్టడం మన బాధ్యత. ఇగ్నిషన్ కాయిల్ పల్సులు ఆగితే పంపును ఆపే రిలే ఒక మార్గం. ఆయిల్ ప్రెజర్ స్విచ్ ద్వారా రిలేను నడపడం మరొకటి, అయితే అందులో స్టార్టింగ్ సమయంలో పంపు నడవడానికి స్టార్టర్ నుంచి విడిగా ఒక తీగ ఇవ్వాలి. వీటికి తోడు దెబ్బ తగిలితే విడిపోయే ఇనర్షియా స్విచ్ ఒకటి ఉండాలి. చిన్న తక్కువ పీడనపు పంపు ఒకటి, రెండు ఆంపియర్లే తీసుకుంటుంది కనుక 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

థ్రాటిల్ బాడీ తీసి, అదే చోట కార్బరేటర్ బిగించవచ్చా?

బిగించవచ్చు, నడవడం మాత్రం కష్టం. ఎంపీఎఫ్ఐ మానిఫోల్డ్ గాలి కోసం మాత్రమే చేసినది. పెట్రోలు చివర, వాల్వు పక్కన చిమ్ముతుంది కనుక మధ్యలో పెద్ద గాలిగది, పొడుగాటి వంపులు ఉన్నా నష్టం లేదు. కార్బరేటర్ పెట్టాక ఆ దారంతా పెట్రోలు తుంపర ప్రయాణించాలి. విశాలమైన గదిలో గాలి వేగం తగ్గి, తుంపర గోడలకు అంటి, అడుగున మడుగు కడుతుంది. ఒక సిలిండరుకు ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ అందుతుంది. అదే ఇంజిను కుటుంబానికి చెందిన కార్బరేటర్ కాలపు మానిఫోల్డ్, అడుగున వేడినీళ్ళ దారి ఉన్నది, దొరికితే దాన్నే వాడాలి. ఇంజెక్టర్ రంధ్రాలు హెడ్‌లో ఉంటే వాటిని లేత్ మీద చేయించిన అల్యూమినియం బిరడాలతో, ఓ-రింగులతో మూయాలి.

ఈసీయూ తీసేశాక ఇగ్నిషన్ సంగతేమిటి?

ఇది పెట్రోలు సరఫరాకు సంబంధించినది కాకపోయినా, దీన్ని వదిలేసి అంతా అయిందనుకోవడం వల్ల ఆగిపోయిన బండ్లు గ్యారేజీల మూలల్లో కనిపిస్తుంటాయి. ఎంపీఎఫ్ఐలో స్పార్క్ సమయం కూడా ఈసీయూదే. దాన్ని తీసేస్తే వేగాన్ని బట్టి, లోడును బట్టి అడ్వాన్స్ ఇచ్చే, అంటే స్పార్క్‌ను ముందుకు జరిపే డెల్కో (డిస్ట్రిబ్యూటర్), లేదా విడి ఇగ్నిషన్ కంట్రోలర్ కావాలి. వాక్యూం అడ్వాన్స్ గొట్టాన్ని కార్బరేటర్ మీద దానికోసమే ఉన్న పోర్టుకు కలపండి.

ఇథనాల్ పెట్రోలుకు జెట్లు మార్చాలా?

పాత జెట్లు ఇథనాల్ లేని పెట్రోలుకు లెక్కవేసినవి. ఆ పెట్రోలుకు గాలి, ఇంధనం నిష్పత్తి బరువులో 14.7 కాగా, 20 శాతం ఇథనాల్ కలిసినదానికి సుమారు 13.5. అంటే అదే జెట్‌తో మిశ్రమం ఎనిమిది, తొమ్మిది శాతం పలచబడుతుంది. ఇంజెక్షన్‌లో ఆక్సిజన్ సెన్సర్ దీన్ని కొంతవరకు సర్దుతుంది. కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్ వైశాల్యం అంత పెరగాలంటే వ్యాసం దాదాపు నాలుగు శాతం పెరగాలి. 120 నంబరు మెయిన్ జెట్ ఉన్నచోట 125తో మొదలుపెట్టి, ఎగ్జాస్ట్‌లో తాత్కాలికంగా గాలి, ఇంధనం నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి చూసుకోవాలి. సన్నటి తీగతో జెట్‌ను గీకి పెద్దది చేసే పాత అలవాటును మానండి. కొత్త జెట్ ధర కంటే కాలిన పిస్టన్ ధర చాలా ఎక్కువ.

ఇథనాల్ నీటిని పీలుస్తుంది. సముద్రపు గాలి ఉండే ఊళ్ళో, ఈశాన్య రుతుపవనాల నెలల్లో బండిని వారాల తరబడి కదల్చకుండా ఉంచితే నీరు చేరి, ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుగున విడిపోతుంది. పికప్ అడుగునే ఉంటుంది కనుక మొదట అదే కార్బరేటర్‌లోకి వస్తుంది. ఎక్కువ కాలం నిలపవలసి వస్తే ట్యాంకును నిండుగా ఉంచి, ఫ్లోట్ చాంబర్‌ను ఖాళీ చేయడం మంచిది.

చెన్నైలో ట్యూన్ చేసిన బండి బెంగళూరు వెళితే ఎందుకు బరువుగా నడుస్తుంది?

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత ఎనిమిది, తొమ్మిది శాతం తక్కువ కనుక, కార్బరేటర్ మిశ్రమం నాలుగైదు శాతం చిక్కబడుతుంది. అప్పుడప్పుడు వెళ్ళివచ్చేవారు దీనికోసం జెట్లు మార్చనక్కరలేదు. ఐడ్లింగ్ కొంచెం సర్దుకుంటే చాలు. అక్కడే స్థిరపడేవారు మాత్రం ఒక మెట్టు చిన్న మెయిన్ జెట్ వేసుకోవాలి.

ఏసీ, చోక్ సంగతి?

ఏసీ వేయగానే ఐడ్లింగ్ పడిపోకుండా థ్రాటిల్‌ను కొద్దిగా తెరిచే వాక్యూం యాక్చుయేటర్ అవసరం. చోక్‌కు చేతితో లాగే కేబుల్ చాలు. చెన్నైలో అది పనికి వచ్చే ఉదయాలు తక్కువ.

పుదుపేటలో దొరికే పాత భాగాలు కొనవచ్చా?

కార్బరేటర్ బాడీ, మానిఫోల్డ్, డెల్కో, థ్రాటిల్ లింకేజీ వంటివి పుదుపేటలో వెతకడం తెలివైన పనే. థ్రాటిల్ స్పిండిల్‌ను చేత్తో కదిపి, వదులుగా ఊగితే దాన్ని కొనకూడదు. కొత్త సామాను కోసం జీపీ రోడ్డు దుకాణాలు ఉన్నాయి. పంపు, రబ్బరు పైపు, నీడిల్ వాల్వు, డయాఫ్రం, గ్యాస్కెట్లు మాత్రం పాతవి కొనకండి, ఎంత కొత్తగా కనిపించినా సరే.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏ క్రమం పాటించాలి?

పని మొదలుపెట్టే ముందు ఇంజెక్షన్ లైనులోని పీడనాన్ని వదలాలి: పంపు ఫ్యూజు తీసి, ఇంజిను తానే ఆగేదాకా నడిపి, బ్యాటరీ నెగటివ్ విప్పాలి. అమరిక పూర్తయ్యాక స్పార్క్ లేకుండా పంపును మాత్రమే రెండు నిమిషాలు నడిపి, పైపుల ప్రతి అతుకు దగ్గర పొడిగుడ్డతో తుడిచి చూడాలి. చెమ్మ తగిలిందంటే ఆగి సరిచేయాలి. తరువాత కార్బరేటర్ నోట్లోకి చూసి, పెట్రోలు కారడం లేదని నిర్ధారించుకుని, అప్పుడే స్టార్టర్ నొక్కాలి.

రాత్రి నిలిపి, పొద్దున చూస్తే ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తోంది. బండి నడపవచ్చా?

నడపకండి. ఫ్లోట్ చాంబర్ పొర్లి, పెట్రోలు సిలిండర్లలోంచి సంపులోకి, అంటే ఇంజిను అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి దిగింది. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు అరిగిపోతాయి. ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఆ తరువాత పీడనం, నీడిల్ సీటులో చెత్త, పగిలి లోపల పెట్రోలు చేరిన ఫ్లోట్, ట్యాంకు ఊపిరి ఈ వరుసలో వెతకాలి. పంపు ఆగాక కూడా గేజ్ ముల్లు పైకి లేస్తుంటే, తప్పు కార్బరేటర్‌లో కాదు, ట్యాంకు గాలి దారిలో ఉంది.